ఇలస్ట్రేషన్ విద్యార్థి జర్నల్‌లో ఏం రాయాలి: నెల్లూరు నుంచి చెన్నై వచ్చి చదువుతున్న విద్యార్థినికి సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు నెల్లూరు నుంచి వచ్చి చెన్నైలో ఇలస్ట్రేషన్ రెండో సంవత్సరం చదువుతున్నారు. సెమిస్టరు చివర, మీ సృజనాత్మక నైపుణ్యం ఎలా పెరిగిందో వివరిస్తూ ఒక రిఫ్లెక్టివ్ జర్నల్ సమర్పించాలి. రోజూ బొమ్మలు వేస్తున్నారు, స్కెచ్‌బుక్కులు నిండుతున్నాయి, అయినా రాయడానికి కూర్చుంటే "గీత మెరుగుపడింది", "రంగుల మీద అవగాహన వచ్చింది" అన్న రెండు వాక్యాలు దాటి కలం కదలడం లేదు. తోటివాళ్లకు అప్పుడే ఒక స్టైల్ వచ్చేసిందనీ మీకు ఇంకా రాలేదనీ, ఫొటోల లాంటి రెఫరెన్స్ చూసి వేయడం దొంగతనమేమోననీ, బొమ్మలు వేసే డిజిటల్ టాబ్లెట్ వల్ల చేయి చెడిపోతోందేమోననీ మరో మూడు సందేహాలు జోడించారు. ఈ నగరంలో పత్రికలకు, పాఠ్యపుస్తకాలకు, పిల్లల పుస్తకాలకు చాలా ఏళ్లుగా బొమ్మలు వేస్తున్నాను. కళాశాలల నుంచి వచ్చే పిల్లల పోర్ట్‌ఫోలియోలు చూసే పని కూడా తరచు పడుతుంటుంది. మొదటి ప్రశ్నకే ఎక్కువ చోటు ఇస్తాను, ఎందుకంటే మిగిలిన మూడూ అందులోంచి పుట్టినవే.

మీ ఇబ్బంది రాయడం రాకపోవడం వల్ల వచ్చింది కాదు, దేని గురించి రాయాలో తేలకపోవడం వల్ల వచ్చింది. చేయి తిరగడం అన్నది నిదానంగా, మన ఎరుక లేకుండా జరిగిపోయే పని. దాన్ని వారం వారం పట్టి చూపించడం ఎవరి తరమూ కాదు. అయితే ఇలస్ట్రేషన్‌లో చేతిపని సగమే. ఒక వాక్యమో, కథో, వ్యాసమో మన ముందుకు వచ్చినప్పుడు అందులో ఏ క్షణాన్ని బొమ్మకు తీసుకోవాలి, ఎక్కడ నిలబడి చూడాలి, ఎవరు పెద్దగా కనబడాలి, ఏది నీడలో ఉండిపోవాలి, ఏది అసలు వేయనే కూడదు అన్న నిర్ణయాలు మిగతా సగం. పెన్సిలు కాగితం మీద గట్టిగా ఆనకముందే ఈ నిర్ణయాల్లో చాలా వరకు అయిపోతాయి, ఎక్కువమంది విద్యార్థులకు అవి అయిపోయాయని కూడా తెలియదు. విద్యార్థి దశలో ఎదుగుదల మొదట కనిపించేది అక్కడే. కాబట్టి ఏది ఎంచుకున్నారు, ఏది వదిలేశారు, ఎందుకు వదిలేశారు అన్న మూడు సంగతులతో జర్నల్ నింపండి. నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇంతే. ఇది పనిలో ఎలా ఉంటుందో వివరంగా చూపించకపోతే మాత్రం ఈ సలహా వల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

ఒక కథలో ఇలాంటి వాక్యం ఉందనుకోండి: "అవ్వ తలుపు తీసేసరికి గుమ్మంలో తడిసి ముద్దయిన మేకపిల్ల నిలబడి ఉంది." దీనికి బొమ్మ వేయమని తరగతిలో ఇస్తే దాదాపు అందరూ ఒకే బొమ్మ వేస్తారు. మధ్యలో తలుపు, ఎడమపక్క అవ్వ, కుడిపక్క మేకపిల్ల, ఇద్దరూ పక్కనుంచి కనిపిస్తూ, నాటకం స్టేజీ మీద నిలబెట్టినట్లుగా, పైనుంచి వాన గీతలు. బొమ్మలో తప్పేమీ లేదు, వాక్యంలో ఉన్నదంతా అందులో ఉంది. చిక్కల్లా అదే. వాక్యం చెప్పేసిన దాన్ని బొమ్మ మళ్లీ చెప్పింది. ఇప్పుడు మేకపిల్ల వెనకనుంచి, దాని ఎత్తులో కూర్చుని చూడండి: ఎదురుగా రెండు ముడతలు పడిన పాదాలు, చీర కుచ్చిళ్లు, వాటి వెనక ఇంట్లో వెలుగుతున్న పొయ్యి కనిపిస్తాయి, ఇప్పుడు ఇది లోపలికి రావాలనుకుంటున్న మేకపిల్ల కథ అయింది. అవ్వ భుజం మీదుగా బయటికి చూస్తే పెద్ద చీకటి, అందులో ఒక చిన్న తెల్లటి ఆకారం. ఇది భయపడుతున్న అవ్వ కథ. తలుపు ఇంకా తీయకముందే, తలుపు కింద సందులో నాలుగు సన్నటి కాళ్ల నీడ మాత్రమే వేస్తే, పుట తిప్పాలన్న ఆత్రం పాఠకుడికి పుడుతుంది. లోపల నేల మీద రెండు కంచాలు పెట్టి ఉన్నాయని వేస్తే, అవ్వ ఇంకెవరికోసమో ఎదురుచూస్తోందని, రచయిత ఒక్క మాట కూడా రాయకుండానే, తెలిసిపోతుంది. ఈ నాలుగింటిలో ఏది సరైనదో కథ మొత్తం చదివితే గానీ తేలదు, అందువల్ల ఇలస్ట్రేటర్ మొదటి పనిముట్టు చదవడమే. ఇచ్చిన ఒక్క పేరా చదివి బొమ్మ మొదలుపెట్టే అలవాటు చాలామందిలో చూస్తుంటాను. కథ చివరికి వెళ్లేసరికి ఆ మేకపిల్లకు ఒక కొమ్ము విరిగి ఉందని తెలిసి, అప్పటికే రంగులు వేసేసిన బొమ్మలు దిద్దుకుంటూ కూర్చుంటారు.

ఇలాంటి ప్రత్యామ్నాయాలు తలలో మెదిలితే చాలదు, కాగితం మీద కనబడాలి. అందుకే థంబ్‌నెయిల్స్, అంటే చిన్న చిన్న ముసాయిదా బొమ్మలు. అగ్గిపెట్టె అంత గడులు గీసుకుని, నలుపు, బూడిదరంగు, తెలుపు అనే మూడు టోన్లతోనే వేయండి. పెన్సిలు వద్దు, మొద్దు మొన ఉన్న మార్కరు తీసుకుంటే కనురెప్పలు, చీర పువ్వులు వేయడానికి వీలుండదు, అదే మనకు కావలసింది. ఒక బొమ్మకు పది పన్నెండుకు తగ్గకుండా వేయండి. మొదట వచ్చే మూడు నాలుగు మీవి కావు; ఇదివరకు చూసిన బొమ్మలు, సినిమాలు, ఫోనులో దొర్లించిన చిత్రాలు మీ చేతిలోంచి బయటికి వస్తాయి. అవి రావడం మంచిదే, వచ్చేస్తే దారి ఖాళీ అవుతుంది. ఏడో ఎనిమిదో గడి దగ్గర విసుగు పుడుతుంది, ఇక ఏమీ తోచదు, అక్కడినుంచి వచ్చేవాటిలోనే సాధారణంగా పనికొచ్చేది దొరుకుతుంది. తరవాత కాగితాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని చూడండి. ఆ దూరంలో ఆ చిన్న గడిలో ఎవరు ఎక్కడ ఉన్నారో తెలియకపోతే, పెద్దగా వేసి ఎంత నగిషీ చెక్కినా ఆ బొమ్మ నిలబడదు. వదిలేసిన ప్రతి గడి కింద ఎందుకు వదిలేశారో నాలుగు మాటలు రాయండి. మీ జర్నల్‌కు అసలు సరుకు అదే, అది విడిగా కూర్చుని రాయవలసినది కూడా కాదు.

చెన్నైలో చదువుతున్నారు కాబట్టి ఎగ్మోరు ప్రభుత్వ మ్యూజియానికి వెళ్లి అమరావతి శిల్పాల ముందు ఒక పూట గడపమని గట్టిగా చెబుతాను. మన గుంటూరు సీమ రాళ్లు చూడడానికి తెలుగువాళ్లం మద్రాసుకో లండనుకో పోవలసి రావడం వేరే కథ, ఇక్కడ దాని జోలికి పోను. అక్కడ ఉన్నవాటిలో నాలగిరి ఏనుగును బుద్ధుడు లొంగదీసిన ఘట్టం చెక్కిన గుండ్రటి ఫలకం ఒకటి ఉంది, సుమారు క్రీ.శ. 2వ శతాబ్దం నాటిది. బుద్ధుడికి దాయాది, విరోధి అయిన దేవదత్తుడు రాజగృహంలో బుద్ధుడి మీదికి మదపుటేనుగును వదిలించిన కథ అది. ఫలకం ఎడమవైపు ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుతూ, తొండంతో విసిరేస్తూ వస్తోంది. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంది. ఒకే చట్రంలో ఒకే ఏనుగు రెండుసార్లు ఉన్నా, రెండు ఏనుగులు ఉన్నాయని ఎవరూ పొరబడరు. ఎందుకు పొరబడరో చూడండి. ఎడమనుంచి కుడికి అలజడి తగ్గుతూ పోతుంది. ఎడమవైపు ఒంగిన, పడిపోతున్న, ఒకరినొకరు పట్టుకుంటున్న దేహాలు, కుడివైపు నిటారుగా నిలబడిన బుద్ధుడు, భిక్షువులు. పైన మేడ కిటికీల్లోంచి తొంగిచూస్తున్న జనం కథలోకి అడుగుపెట్టరు, కానీ మనం కూడా వాళ్లలాగే చూస్తున్నాం అన్న సంగతి మనకు అందిస్తారు. గుండ్రటి చట్రం, కిక్కిరిసిన వీధి, ముందొకటి తరవాతొకటి జరిగిన రెండు ఘట్టాలు: పుస్తకాలకు బొమ్మల పని అప్పగించే నేటి ఏ ఆర్ట్ డైరెక్టరు ఇంత కష్టమైన పని ఇచ్చినా మనం గొణుక్కుంటాం.

ఆ ఫలకం ముందు కూర్చుని నగలు, తలపాగాలు నకలు చేయకండి. దాన్ని కూడా అగ్గిపెట్టె గడిలోకి, మూడు టోన్లలోకి దించండి. దేహాల వాలు ఎటువైపు ఉందో గీతలతో మాత్రమే వేయండి. తరవాత ఒక వాక్యం రాయండి: శిల్పి ఏం నిర్ణయించుకున్నాడు? మీ పని గురించి మీరు వేసుకోవలసిన ప్రశ్నను ముందు ఇంకొకరి పని మీద వేసి చూడడం తేలిక, పైగా రెండువేల ఏళ్ల కిందటి శిల్పి నొచ్చుకోడు. అదే ప్రాంగణంలో కంచు విగ్రహాల గ్యాలరీలో తిరువెంకాడు అర్ధనారీశ్వరుడు ఉన్నాడు. కుడి సగం శివుడు, ఎడమ సగం పార్వతి, కుడివైపు రెండు చేతులు, ఎడమవైపు ఒకటే. నడుము ఒంపు దగ్గర రెండు పక్కల బయటిగీతను విడివిడిగా వేసి చూస్తే, ఒక గీత బరువునూ స్వభావాన్నీ ఎలా మోస్తుందో అనాటమీ పుస్తకం కంటే బాగా తెలుస్తుంది.

మెరీనా బీచిలో ఉన్న శ్రమ విజయం విగ్రహం కూడా ఇలాంటి సాధనకు పనికొస్తుంది. బండరాయిని కదిలిస్తున్న నలుగురు మనుషుల ఆ విగ్రహాన్ని చేసినది దేవీప్రసాద్ రాయ్ చౌధురి, మద్రాసు చిత్రకళాశాలకు అధిపతి అయిన మొదటి భారతీయుడు. 1959లో అది అక్కడికి వచ్చింది. దాని చుట్టూ తిరుగుతూ ఎనిమిది చోట్లనుంచి లోపలి వివరం ఏదీ లేకుండా నల్లటి ఆకారంగా మాత్రమే వేయండి. ఏ చోటునుంచి చూస్తే తోసే బలం తెలుస్తోంది, ఏ చోటునుంచి నలుగురూ ఒక ముద్దగా కలిసిపోతున్నారు అన్నది పోల్చి రాసుకోండి. కెమెరా కోణం అని తరగతిలో చెప్పే పాఠమంతా అందులో ఉంది. ఎండ ఎక్కకముందు వెళ్లండి.

ఇక వీధిలో బొమ్మలు వేయడం. కదిలే మనుషుల వెంట పడి వేయబోతే చేతికి ఏమీ చిక్కదు, దాంతో చాలామంది నిద్రపోతున్నవాళ్లను, ఫోను చూసుకుంటున్నవాళ్లను మాత్రమే వేసి ఊరుకుంటారు. స్కెచ్‌బుక్కు నిండా తలలు వంచుకున్న జనమే. మళ్లీ మళ్లీ అదే కదలిక చేసే పనివాళ్లను వెతకండి. కోయంబేడు మార్కెట్లో పూలు కట్టేవాళ్లు, మైలాపూరు మాడవీధుల్లో ఇస్త్రీ బండి దగ్గర నిలబడినవాళ్లు, కొబ్బరిబోండాం చెక్కేవాళ్లు కొద్ది క్షణాలకొకసారి అదే భంగిమకు తిరిగి వస్తారు. మొదటిసారి భుజం, రెండోసారి మోచేయి, మూడోసారి వేళ్లు అన్నట్లు పట్టుకోవచ్చు. ముప్ఫై సెకన్లవి కొన్ని, రెండు నిమిషాలవి కొన్ని, పది నిమిషాలది ఒకటి వేస్తే ఒక పూటకు సరిపోతుంది. దగ్గరగా కూర్చుని వేస్తున్నప్పుడు వచ్చిన తమిళంలో ఒక మాట అడగండి; అడిగితే కాదనేవాళ్లు అరుదు, పైగా మీ పుస్తకంలోకి తొంగిచూసి బోండాం కత్తి అలా పట్టుకోరని వాళ్లే దిద్దుతారు.

వీధిలో వేసినదానికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది, ఇంటికి వచ్చి పుస్తకం మూసి అదే దృశ్యాన్ని జ్ఞాపకంలోంచి మళ్లీ వేయడం. ఊహలోంచి వేయడం రాదని మీరు రాసిన బాధకు నాకు తెలిసిన మందు ఇదొక్కటే. ఊహ అని మనం అనేది చాలావరకు పోగేసుకున్న జ్ఞాపకం. జ్ఞాపకంలోంచి వేసినప్పుడు ఇస్త్రీ పెట్టె పట్టిన చేయి వచ్చేస్తుంది, బండి చక్రాలు ఎన్నో గుర్తుండవు, బొగ్గులు ఎటునుంచి వేస్తారో తెలియదు. ఆ ఖాళీలను ఖాళీలుగానే వదిలి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. మర్నాడు అదే చోటికి వెళ్తే ఈసారి మీ కన్ను నేరుగా ఆ ఖాళీల మీదికే పోతుంది. చూడడం నేర్చుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి ఉందని నేననుకోను.

రెఫరెన్స్ గురించి. దొంగతనం కాదు. సమాచారం కోసం చూడడం ఒకటి, ఇంకొకరి నిర్ణయాన్ని ఎత్తుకోవడం ఒకటి. ఈ రెండింటికీ తేడా ఉంది. మన మేకపిల్లనే తీసుకుందాం. మేక కంటిపాప అడ్డంగా ఉంటుంది, గిట్ట రెండుగా చీలి ఉంటుంది, తోక పైకి లేచి ఉంటుంది. గొర్రెకయితే తోక కిందికి వేలాడుతుంది. ఇవి తెలియకుండా వేస్తే పల్లెలో పెరిగిన ఏ పిల్లవాడైనా పట్టేస్తాడు. కాబట్టి మేకలను చూడండి, కుదిరితే మీరే ఫొటోలు తీసుకోండి, వీడియో చూడండి, కాళ్లు ఎక్కడ మడతపడతాయో ఒక పేజీ నిండా వేయండి, ఆపైన అన్నీ మూసేసి మీ థంబ్‌నెయిల్‌కు తగ్గట్టు వేయండి. ఒకే ఫొటో ముందు పెట్టుకుని వేస్తే ఆ ఫొటో తీసినవాడి కోణం, వెలుతురు, చట్రం అన్నీ మీ బొమ్మలోకి వస్తాయి, అంటే నిర్ణయాలన్నీ అతనివి. ఫోను కెమెరాతో దగ్గరనుంచి తీసినప్పుడు ముందున్నవి ఉన్నదానికంటే పెద్దవిగా పడతాయి కూడా. ఫొటో మీద పెట్టి గీసిన ముఖాల్లో ముక్కులు ఉబ్బి ఉండడానికి కారణం అదే. రెఫరెన్స్ వాడనివాళ్ల గురించి ఇంకో మాట చెప్పాలి. ఏమీ చూడకుండా పల్లె అనగానే ఒక పూరిల్లు, ఒక కొబ్బరిచెట్టు, వెనక రెండు కొండలు వేసేస్తారు. నెల్లూరు జిల్లా పల్లె అలా ఉండదని మీకు తెలుసు. మీ అమ్మమ్మగారి ఇంటి అరుగు ఎత్తు ఎంత, పెరటి బావి గిలక ఎక్కడ బిగించి ఉంది, వంటింటి గూట్లో ఏముంటాయి అన్నవి సెలవుల్లో వెళ్లినప్పుడు కొలతలతో సహా వేసి తెచ్చుకోండి. అవి ఏ వెబ్‌సైటులోనూ దొరకవు.

స్టైల్ సంగతికి వస్తే, రెండో సంవత్సరంలో స్టైల్ వచ్చేసిన తోటివాళ్లను చూసి దిగులుపడకండి. అప్పుడే వచ్చిన స్టైల్ చాలాసార్లు అరువు తెచ్చుకున్నదే అయి ఉంటుంది. 1947లో ఇదే మద్రాసులో మొదలై, ఆ తరవాత వడపళనినుంచి వచ్చిన చందమామ పాత సంచికలు దొరికితే తిరగేయండి. శంకర్, చిత్రా, వడ్డాది పాపయ్య ముగ్గురూ రాజులను, రాక్షసులను, అడవులను వేశారు; సంతకం మూసిపెట్టినా ఎవరి బొమ్మ ఏదో పిల్లలు చెప్పగలిగేవాళ్లు. శంకర్ మద్రాసు చిత్రకళాశాలలో చదువుకున్నవారు. చిత్రా సొంతంగా నేర్చుకున్నవారు. ఇక బాపు చదివినది న్యాయశాస్త్రం. దారులు ఇన్ని రకాలుగా ఉన్నా, వాళ్లలో ఎవరూ ముందు స్టైల్ ఎంచుకుని తరవాత బొమ్మ వేసినట్లు నాకు అనిపించదు. కథకు ఏం కావాలో తేల్చుకునే పని ఏళ్ల తరబడి చేయగా చేయగా, ఒక మనిషి మాటిమాటికీ తీసుకునే నిర్ణయాలు ఏవో అవి పేరుకుని, చూసేవాళ్లకు స్టైల్‌గా కనిపిస్తాయి.

తెలుగు విద్యార్థులు ప్రత్యేకంగా పడే ఒక గొయ్యి ఉంది, అది బాపు గీత. వాలుజడ, పెద్ద కళ్లు, నడుము ఒంపు దిగుమతి చేసుకుంటే బాపు బొమ్మ అయిపోతుందనుకుంటారు. ఆయన దగ్గర నేర్చుకోవలసినది పొదుపు. ఆయన బొమ్మ ఒకటి ముందు పెట్టుకుని గీత ఎక్కడ ఆగిపోయిందో, ఎక్కడ లావెక్కిందో, ఏ అంచును అసలు గీయకుండా మన కంటికి వదిలేశారో ట్రేసింగ్ పేపరు మీద గుర్తుపెట్టండి. పెద్దల బొమ్మలు నకలు చేయడం మంచి సాధనే, ఒక ప్రశ్న పెట్టుకుని చేసినప్పుడు. అలా చేసిన నకలును పోర్ట్‌ఫోలియోలో పెట్టకూడదు, జర్నల్‌లో మాత్రం తప్పకుండా పెట్టవచ్చు, పక్కన ఆ ప్రశ్న కూడా రాసి.

టాబ్లెట్ వల్ల చేయి చెడదు. చెడేది తెగింపు. వేసిన ప్రతి గీతనూ అన్‌డూ చేయగలిగినప్పుడు గీతకు ముందు ఆలోచించడం తగ్గుతుంది. వారానికి ఒక రోజు ముంచి రాసే కలం, ఇంకు, మామూలు కాగితం తీసుకుని, తప్పయినా దిద్దకుండా చివరిదాకా వేయండి. కాగితం మీద వేసిన ఇంకు గీతను స్కాన్ చేసేటప్పుడు 600 డీపీఐకి (అంగుళానికి చుక్కల లెక్క) తగ్గకండి, రంగుల బొమ్మకు 300 సరిపోతుంది. దీని గురించి ఇంతకంటే చర్చ అక్కర్లేదు.

మీ అధ్యాపకులు అడగకపోయినా, జర్నల్‌లో చోటు దక్కవలసిన ఇంకో రకం నిర్ణయాలు ఉన్నాయి, అవి అచ్చుకు సంబంధించినవి. పిల్లల బొమ్మల పుస్తకం సాధారణంగా 24 లేదా 32 పేజీలు ఉంటుంది, ఎందుకంటే పెద్ద షీటు మీద అచ్చువేసి, ఎనిమిదేసి, పదహారేసి పేజీలు వచ్చేలా మడతపెడతారు. రెండు పేజీల మీద పరిచిన బొమ్మలో ముఖ్యమైన ముఖం నడిమి మడతలో పడితే పుస్తకం కుట్టేసరికి సగం ముఖం మాయమవుతుంది. అంచుల దగ్గర కత్తిరింపు కోసం 3 మిల్లీమీటర్లు అదనంగా వేయాలి. ఇవి ఎవరైనా చెబుతారు. తెలుగు పుస్తకానికి వేసేవాళ్లు మాత్రమే గమనించవలసినది ఇంకొకటి ఉంది. మన లిపిలో పైన గుడులు, కింద ఒత్తులు ఉండడంవల్ల పంక్తికీ పంక్తికీ మధ్య ఇంగ్లిషుకంటే ఎక్కువ జాగా కావాలి. ఇంగ్లిషు వాక్యానికి సరిపోతుందని ఆకాశంలో వదిలిన ఖాళీలోకి తెలుగు వాక్యం పట్టక, అక్షరాలు చెట్టుకొమ్మ మీదికి ఎక్కుతాయి. చెన్నైలోని తూలిక లాంటి ప్రచురణకర్తలు ఒకే బొమ్మలతో పలు భాషల్లో పుస్తకాలు వేస్తారు. అచ్చులో ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు ఉంటుంది; అక్షరాలుండే నల్ల రంగు ప్లేటు ఒక్కటి మార్చి భాష మార్చడం ఇలాంటి అచ్చులో మామూలు పద్ధతి, కాబట్టి బొమ్మలోని దుకాణం బోర్డు మీద తమిళంలోనో తెలుగులోనో రంగు అక్షరాలు రాసేస్తే ఆ బొమ్మ మిగతా భాషలకు పనికిరాదు. మేకపిల్ల బొమ్మలో చీకటి ఎటువైపు పెట్టాలన్నది కూడా కొంతవరకు అక్షరాలు ఎక్కడ వస్తాయన్న దాన్ని బట్టే తేలుతుంది. ఇలాంటి పరిమితి వల్ల మీ కంపోజిషన్ ఎలా మారిందో ఒక పేజీ రాస్తే, చదివే అధ్యాపకులకు మీరు ఎంతవరకు ఎదిగారో వెంటనే అర్థమవుతుంది.

ఇప్పుడు ఒక నమూనా. మీరు పంపిన వాక్యం ఇది: "ఈ ప్రాజెక్టు ద్వారా కంపోజిషన్‌లో నా సృజనాత్మకత ఎంతో మెరుగుపడింది." దీన్ని ఏ బొమ్మ కింద పెట్టినా సరిపోతుంది, అందుకే దీనివల్ల ఏమీ తెలియదు. దానికి బదులు ఇలా రాయవచ్చు: "అవ్వ, మేకపిల్ల, ఐదో రఫ్. మొదటి నాలుగింటిలో అవ్వ ముఖం కనిపించేటట్టు వేశాను; చూపు నేరుగా ముఖానికే పోయింది, మేకపిల్ల ఆలస్యంగా కనబడింది. ఐదోదానిలో అవ్వను మోకాళ్ల వరకే చూపించాను. మేకపిల్ల ముందుకు వచ్చింది గానీ అవ్వ వయసు తెలియడం లేదు. తరగతిలో చూపిస్తే ఒకరు అమ్మ అనుకున్నారు. పగిలిన మడమలు, చేతికర్ర కొస వేసి ఆరో రఫ్ ప్రయత్నించాలి." ఇందులో గొప్పలు లేవు, తగ్గించుకోవడమూ లేదు. ఏం జరిగిందో ఉంది, తరవాత ఏం చేయాలో ఉంది. రాసినవాళ్లు రఫ్‌ను ఇంకొకరికి చూపించి, ఏమీ వివరించకుండా, వాళ్లు ఏం చూశారో విన్నారని కూడా తెలుస్తోంది. బొమ్మ చూపించేటప్పుడు మన నోరు మూసుకోవడం కష్టమైన పనే, కానీ పుస్తకం పాఠకుడి చేతికి వెళ్లాక పక్కన నిలబడి వివరించడానికి మనం ఉండం. వాళ్లు కథను తప్పుగా చెప్పిన చోటల్లా గుర్తుపెట్టుకోండి. ఆ తప్పు సాధారణంగా బొమ్మదే, వాళ్లది కాదు.

సమర్పించవలసిన తేదీ దగ్గర పడిందన్నారు కాబట్టి ఉన్న సమయంలో ఇలా చేయండి. మొదటి సంవత్సరంలో చేసిన ఒక ప్రాజెక్టు తీసుకుని, పాత బొమ్మ చూడకుండా, అదే పాఠ్యానికి మళ్లీ థంబ్‌నెయిల్స్ వేయండి. తరవాత రెండింటినీ పక్కపక్కన పెట్టి, అప్పుడు అసలు ఆలోచించని ప్రశ్న ఇప్పుడు ఏది ఆలోచించారో వెతకండి. గీత మారకపోయినా ప్రశ్నలు మారి ఉంటాయని నా నమ్మకం, అవే మీ జర్నల్‌లో మొదటి పేజీ కావాలి. ఆపైన ఈ సెమిస్టరులో వేసిన వాటిలో మూడు బొమ్మలు చాలు. వాటిలో ఒకటి కుదరనిది అయి ఉండాలి, అది ఎందుకు కుదరలేదో మిగతా రెండింటికంటే వివరంగా రాయండి. ప్రతిదానికీ రఫ్‌లన్నీ, వదిలేసినవి సహా, స్కాన్ చేసి పెట్టండి. పేజీల పరిమితి దాటుతోందనిపిస్తే పూర్తయిన బొమ్మల సైజు తగ్గించండి గానీ రఫ్‌లను తీసేయకండి.